ఆటలో నా గొంతు

యూనివర్సిటీలో ఎగ్జామ్ బ్రాంచ్ కౌంటర్ వెనక నేను పదకొండేళ్ళు కూర్చున్నాను. మెమోలో పేరు తప్పు పడిందని ఒకరు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇంకా రాలేదని ఒకరు, చలానా కాగితం పోయిందని ఒకరు వచ్చేవారు. ఎంతమంది వచ్చినా అడిగేవి ఆ నాలుగైదు ప్రశ్నలే, నేను చెప్పేవి ఆ నాలుగైదు జవాబులే. "ఫారం నింపి, రెండు ఫోటోలు అంటించి, మూడో కౌంటర్లో ఇవ్వండమ్మా." పొద్దున మొదట వచ్చినవాళ్ళకి ఎలా చెప్పానో సాయంత్రం చివర వచ్చినవాళ్ళకీ అలాగే చెప్పేదాన్ని. నాకు ఓర్పు ఎక్కువని అందరూ అనేవారు. ఓర్పేమీ కాదు, అలవాటు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి. తన ఫారం ఇచ్చేసినా వెళ్ళకుండా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. అరగంట గడిచినా అక్కడే ఉంది. లైను పలచబడ్డాక దగ్గరికి వచ్చింది.

"మేడం, మీరు జర నాకు టైం ఇస్తరా?"

"ఏవమ్మా, ఫారంలో ఏమైనా తప్పుందా?"

"ఫారం కాదు మేడం. నాకు మీ గొంతు కావాలె."

పక్క సీట్లో ఉన్న ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆటిజం ఉన్న పిల్లల కోసం కంప్యూటర్లో ఆడే ఆటలు తయారు చేస్తోందట. అదే ఆమె పీహెచ్‌డీ. ఆటలో బొమ్మలుంటాయి, వంటిల్లు ఉంటుంది, బాత్రూమ్ ఉంటుంది, వీధి ఉంటుంది. ఒక గొంతు చెబుతూ ఉంటే పిల్లలు బొమ్మల్ని కదిలిస్తారు. అలా ఆడుతూ ఆడుతూ నీళ్ళు పోసుకోవడం, చేతులు కడుక్కోవడం, తలుపు వేసుకోవడం నేర్చుకుంటారు.

"యాక్టింగ్ వచ్చినోళ్ళతోని చేయించి చూసిన మేడం. వాళ్ళు మస్తు యాక్టింగ్ చేస్తున్నరు. ఒకపారి ప్రేమగ, ఒకపారి గట్టిగ. ఒకే మాట రెండు తీర్ల వినొస్తే మా పిల్లల్ల కొందరు పరేషాన్ అయితరు. మీరు అరగంట నుంచి ఒక్క మాటనే ఇరవైసార్లు చెప్పిన్రు. ఇరవైసార్లు ఒక్క తీరే ఉన్నది."

అది పొగడ్తో కాదో నాకు తెలియలేదు. ఒప్పుకున్నాను.

రికార్డింగు వాళ్ళ డిపార్టుమెంటులో ఒక పాత గదిలో జరిగింది. ఎండాకాలం. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి బొంతలు కట్టింది. ఆ బొంతలు అడిక్‌మెట్‌లో తన రూమ్‌లోవి, స్కూటీ మీద పెట్టుకుని తెచ్చిందట. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసేది. చెమట నా మెడ మీంచి కారుతుంటే నేను చదివేదాన్ని. "గ్లాసు ఇక్కడ పెట్టు. కుళాయి తిప్పు. చేతులు కడుక్కో. తువ్వాలుతో తుడుచుకో. తలుపు మెల్లగా వెయ్యి. అయిపోయింది." పిల్లలు సరిగ్గా చేస్తే "బాగా చేశావు." తప్పు చేస్తే "ఇంకోసారి చూద్దాం." మధ్యలో క్యాంపస్ చెట్లలోంచి నెమలి అరిచేది. మళ్ళీ మొదటికి.

మొదటిరోజు ఆమె చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి మొహమాటంగా అంది. "మేడం, ఏమనుకోకుండ్రి. చర్చిల చదివినట్టున్నది."

నేను ఉలిక్కిపడ్డాను. మాది గుంటూరు జిల్లా. మా నాన్న మిషన్ స్కూల్లో తెలుగు మాస్టారు. పెళ్ళయి తార్నాక వచ్చినప్పటి నుంచి ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది నేనే. "నీకెలా తెలుసమ్మా?"

"మా రూమ్ ఎనుకనే చర్చి మేడం. నాకు పండుకోనియ్యరు ఆదివారం."

ఇద్దరం నవ్వుకున్నాం. కౌంటర్లో కూర్చున్నట్టు ఊహించుకుని చదవమంది. ఆ ఉపాయం పనిచేసింది. ఎదురుగా ఎవరో ఫారం పట్టుకుని నిలబడ్డారనుకుని, "చేతులు కడుక్కో" అన్నాను. "ఇదే, ఇదే" అంది ఆమె.

వానలు మొదలయ్యాక ఒక శనివారం నన్ను ఒక థెరపీ సెంటరుకి రమ్మంది. తార్నాకలో మా ఇంటికి రెండు వీధుల అవతలే. రెండో అంతస్తులో చిన్న గది, నేల మీద రంగురంగుల చాపలు, ఒక బల్ల మీద ల్యాప్‌టాప్. నేను గోడ పక్క కుర్చీలో కూర్చోవాలి, నోరు మాత్రం తెరవకూడదు. ఒకే గొంతు ల్యాప్‌టాప్‌లోంచీ కుర్చీలోంచీ వస్తే పిల్లలు కంగారు పడతారని ఆమె భయం.

అక్కడే ఆ పాపని చూశాను. ఏడేళ్ళుంటాయి, రెండు జడలు. వాళ్ళమ్మ తీసుకొచ్చింది. ఆమెకి ముప్ఫై కూడా ఉండవు. సీతాఫల్‌మండిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది, చీరలకి ఫాల్స్ వేస్తుంది. పాప ఎడమచేతిలో ఒక శాటిన్ ముక్క ఉంది, వాళ్ళమ్మ కత్తిరించి పడేసినది. దాని అంచుని రెండు వేళ్ళ మధ్య అలా రాస్తూ, కుడిచేత్తో తెర మీద బొమ్మల్ని కదిలిస్తోంది. పాప మాట్లాడదని స్కాలర్ నాకు ముందే చెప్పింది. ఏడుస్తుంది, నవ్వుతుంది, కూనిరాగం తీస్తుంది, మాట మాత్రం లేదు.

తెర మీద వంటిల్లు వచ్చింది. "గ్లాసు ఇక్కడ పెట్టు" అన్నాను నేను, అంటే ల్యాప్‌టాప్. అలమరలో ఒక గూడు మెరిసింది. పాప గ్లాసుని తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టింది.

"ఇంకోసారి చూద్దాం."

ఈసారి కిటికీలో పెట్టింది.

"ఇంకోసారి చూద్దాం."

స్కాలర్ నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటోంది. మూడు వారాల నుంచి ఇంతేనట, ఒక్కటీ సరిగ్గా పెట్టలేదట. వాళ్ళమ్మ తల దించుకుని చీర కొంగు మడతలు పెడుతోంది. నేను చేసే పనేమీ లేదు కనుక పాపనే చూస్తూ కూర్చున్నాను. ఐదారుసార్లు చూశాక నాకు ఒకటి కనిపించింది. పాప చెయ్యి ముందు సరైన గూటి దగ్గరికే వెళుతోంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, పక్కకి తిరిగిపోతోంది. గ్లాసు తప్పుచోట పెట్టీ పెట్టగానే, నా గొంతు రాకముందే, చెవి స్పీకరుకి ఆనిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. నవ్వుతోంది కూడా.

మాట్లాడకూడదు కదా. సంచీలోంచి కరెంటు బిల్లు తీసి దాని వెనక రాసి ఇచ్చాను. "తెలిసే తప్పు పెడుతోంది. ఆ మాట వినడానికి."

స్కాలర్ చదివి, పాపని చూసి, నాలుక కరుచుకుంది.

పై శనివారానికి ఆట మార్చేసింది. సరిగ్గా పెట్టినా "ఇంకోసారి చూద్దాం" అనే వస్తుంది. పాప వంటింట్లో సామానంతా పది నిమిషాల్లో ఎక్కడివక్కడ సర్దేసి, ఇంకేముందన్నట్టు బల్ల మీద తట్టింది. వాళ్ళమ్మ లేచి నిలబడింది. ఆ మాట పాపకి ఎందుకంత ఇష్టమో మాకెవరికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఇంటికి వెళ్ళేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాను, నా గొంతంటే ఒక బిడ్డకి ఇంత ఇష్టమా అని.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, ఒక మంగళవారం, కౌంటర్ ముందు స్టూడెంట్ల లైనులో పాప వాళ్ళమ్మ కనిపించింది. తన వంతు వచ్చేదాకా లైనులోనే నిలబడింది.

"మేడం, గుర్తు పట్టిన్రా?"

"అయ్యో, గుర్తు పట్టకపోవడమేంటమ్మా. పాప ఎలా ఉంది?"

"మాట్లాడింది మేడం."

నేను సీటు పక్కావిడకి అప్పజెప్పి బయటికి వచ్చాను. మెట్ల మీద కూర్చున్నాం.

"మొన్న పగటీలి అన్నం తిన్నది. తిన్నంక పల్లెం పక్కకి పెట్టి, 'అయిపోయింది' అన్నది. 'చేతులు కడుక్కో' అన్నది. అని పోయి కడుక్కొచ్చింది మేడం."

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఆమె ఏడుస్తోంది. సంతోషమే అనుకుని నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆమె ఏడుపు ఆగడం లేదు.

"మా అత్త నవ్వింది మేడం. 'మనింట్ల ఆంధ్ర మేడం పుట్టింది' అన్నది. పక్కింటోళ్ళు ఒచ్చి మళ్ల మళ్ల అనిపిచ్చి నవ్విన్రు. నేను గూడ నవ్విన వాళ్ళతోని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏడేండ్లు మేడం. నడక నేర్చిన కాడికెల్లి నేను చెప్తనే ఉన్న. చెయ్ కడుక్కో బిడ్డా, చెయ్ కడుక్కో బిడ్డా అని. నేనన్న మాట ఒక్కటి అన్లే. మీ మాట అన్నది. మీరు మంచిగ చెప్పిన్రు, మీ తప్పు లేదు. కానీ మేడం..."

ఆ మాట పూర్తి చేయలేదు. "పెండ్లి బ్లౌజులున్నయి, పోత" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను కౌంటర్లోకి తిరిగి వచ్చి కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. చాలా ఏళ్ళుగా గుర్తురానిది ఒకటి గుర్తొచ్చింది. నేను ఆ సీట్లోకి కొత్తగా వచ్చిన రోజులు. ఒక అమ్మాయి, పీజీ మొదటి సంవత్సరం అనుకుంటా, ఫారం నా ముందు పెట్టి అడిగింది. "మేడం, గీడ సంతకం పెట్టాల్నా?" నేను నవ్వుతూ, "గీడ కాదమ్మా, ఇక్కడ. ఇక్కడ సంతకం పెట్టాలి" అన్నాను. లైనులో నలుగురు నవ్వారు. మా నాన్న బడిలో పిల్లల మాట దిద్దడమంటే ప్రేమ కిందే లెక్క. నేనూ ప్రేమగానే అన్నాననుకున్నాను. ఆ అమ్మాయి సంతకం పెట్టి తల ఎత్తకుండా వెళ్ళిపోయింది. ఆమె ముఖం నాకు గుర్తులేదు. ఫారం మీద వంగిన తల, పాపిట, అంతే గుర్తున్నాయి.

సాయంత్రం స్కాలర్‌ని వెతుక్కుంటూ వాళ్ళ డిపార్టుమెంటుకి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆమె ల్యాప్‌టాప్ మూత మీద వేలితో గీస్తూ కూర్చుంది.

"మేడం, మాది వరంగల్ దిక్కు. మా అమ్మ గూడ 'చెయ్ కడుక్కో బిడ్డా' అనే అంటది. నేను రాసేటప్పుడు గది యాదికే రాలే. పుస్తకంల ఉన్నట్టు రాసిన. కంప్యూటర్ల మాట అంటే గట్లనే ఉండాలె అనుకున్న. ఎవ్వరు చెప్పలే నాకు, నేనే అనుకున్న."

"అయితే వాళ్ళమ్మతోనే మళ్ళీ రికార్డు చేద్దాం."

"మా గైడ్ ఏమంటడో. సబ్మిషన్ దగ్గర పడ్డది. ఇప్పటిదాంక రాసిందంత మీ గొంతు మీదనే ఉన్నది." ఇంకాస్త ఆలోచించింది. "థీసిస్‌ల పెట్టకున్నా మంచిదే. చేద్దాం మేడం."

అడిగితే పాప వాళ్ళమ్మ మొదట ఒప్పుకోలేదు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి, "మీరు గూడ ఉంటరా?" అని అడిగింది. ఉంటానన్నాను.

ఫంక్షనుకి వచ్చినట్టు మంచి చీర కట్టుకుని వచ్చింది. శ్రావణమాసం, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. చెయ్యి కదిలిస్తే చాలు మైకులో గలగల. స్కాలర్ తియ్యమనబోయి ఆగిపోయింది. "శ్రావణంల ఉత్త చేతులతోని ఎట్ల ఉంటరు మేడం" అంది వాళ్ళమ్మ బిక్కమొహంతో. నా సంచీలో రెండు చేతిరుమాళ్ళుంటే గాజుల మీద చుట్టి కట్టాను. కట్లు కట్టిన చేతులతో మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"చేతులు కడుక్కో. తువ్వాలుతో తుడుచుకో."

అచ్చం నేనే. నా తీరు, నా నిదానం, మాట చివర నేను ఎక్కడ దించుతానో అక్కడే దించింది. వారాల తరబడి ఆ ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని విన్నది మరి. నేను ఆపాను.

"నీలాగా మాట్లాడమ్మా, నాలాగా కాదు."

"నా తీర్ల మాట్లాడితె మంది నవ్వరా మేడం? కంప్యూటర్ల గీ మాటలు ఎవరన్న పెడతరా?"

"నేను పెడత అక్కా" అంది స్కాలర్. "నాది గూడ గదే మాట."

అయినా రాలేదు. మైకు చూస్తే చాలు ఆమె నేనైపోయేది. గంట గడిచింది. ఆకలేసి నేను టిఫిన్ డబ్బా తెరిచి పెరుగన్నం తినడం మొదలుపెట్టాను. కింద చాప మీద ఆమె సంచీ ఉంది, అందులో ఎవరిదో పెళ్ళి బ్లౌజు గుడ్డ జరీ అంచు పైకి కనిపిస్తోంది. నాకు ఉన్నట్టుండి తోచింది. పెరుగు చెయ్యి అలాగే సంచీ మీదికి చాపాను.

"ఏయ్ ఏయ్ ఏయ్! చెయ్ కడుక్కో ముందుగాల! జెరన్న సోయి ఉన్నదా!"

అన్నాక కట్లు కట్టిన చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో, మేడం, తప్పయింది, తప్పయింది."

స్కాలర్ ఎగిరి గంతేసింది. రికార్డు అయ్యింది. ఆ తర్వాత నేనే పాపనయ్యాను. గ్లాసు ఒంపబోయాను, తలుపు దబాలున వేశాను, తడి చేతులు చీరకి తుడుచుకోబోయాను. ఆమె కసిరింది, బుజ్జగించింది, నవ్వింది. "తలుపు మెల్లగ ఎయ్యి బిడ్డా. గట్ల కాదు, గిట్ల. ఆ, శాబాష్." ఒక్క మాటా రెండుసార్లు ఒకేలా రాలేదు. స్కాలర్ అన్నీ ఉంచేసింది.

శనివారం ముగ్గురం పాప చుట్టూ చేరాం. వాళ్ళమ్మ పక్కనే కూర్చుంది. ఆట మొదలైంది.

"గ్లాసు గీడ పెట్టు బిడ్డా."

పాప చెయ్యి ఆగిపోయింది. తలతిప్పి వాళ్ళమ్మ ముఖం చూసింది. ఆమె పెదాలు కదలడం లేదు. ల్యాప్‌టాప్ మళ్ళీ అంది. పాప లేచి, అరచెయ్యి తీసుకెళ్ళి వాళ్ళమ్మ నోటి మీద పెట్టింది. నోరు మూసి ఉంది, గొంతు మాత్రం ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది. పాప ల్యాప్‌టాప్ మూత దబ్బున వేసేసి, రెండు చెవులూ మూసుకుని, చాప మీద ముడుచుకుని ఏడ్చింది. శాటిన్ ముక్క ఇచ్చినా విసిరికొట్టింది. మేం గది దీపాలు ఆర్పి, మాటలాపి కూర్చున్నాం. ఊరుకోవడానికి గంట పట్టింది.

పాపని భుజాన వేసుకుని మెట్లు దిగుతూ వాళ్ళమ్మ నాతో అంది. "ఒద్దు మేడం. మీదే ఉంచుండ్రి. దానికి నాది నచ్చలే."

"నచ్చక కాదమ్మా. అమ్మ గొంతు అమ్మ దగ్గర ఉండాలి కదా. డబ్బాలోంచి వస్తే భయపడదా?"

ఏదో ఊరడింపుగా అనేశాను. అనేశాక అది నిజమేమో అనిపించింది. ఇంటికి వెళ్ళి స్కాలర్‌కి ఫోన్ చేశాను. ఆమె విని, "అయితే డబ్బాలకెల్లి ఎందుకు మేడం, అమ్మ పక్కనే ఉన్నది గద" అంది.

అలా మూడో పద్ధతి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో మళ్ళీ నా గొంతే పెట్టాం. అది "చేతులు కడుక్కో" అనగానే, పక్కన కూర్చున్న వాళ్ళమ్మ, "చెయ్ కడుక్కో బిడ్డా" అనాలి, తన తీరులోనే, తన నోటితోనే. నేను వెనక కూర్చుని శబ్దం తగ్గించే బటన్ మీద వేలు పెట్టుకుని ఉండాలి. వారానికి ఒక్క గీత తగ్గించాలి. అంతకంటే తొందరపడకూడదు.

దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. నా గొంతు తగ్గుతూ వచ్చింది. మొదటి వారాల్లో వాళ్ళమ్మ మాట పాపకి చెవిన పడినట్టే ఉండేది కాదు. తర్వాత తర్వాత నా గొంతు వినడానికి స్పీకరు మీదికి వంగేది, వంగి ఉండగా వాళ్ళమ్మ మాట పైనుంచి వినిపించేది, పాప కళ్ళు మాత్రం పైకి లేచేవి. వాళ్ళమ్మ కొన్ని శనివారాలు నీరసపడిపోయి వచ్చేది. ఒకసారి, "మీకు బాధ కాదా మేడం, మీ గొంతు మీరే బంద్ చేస్తున్నరు" అని అడిగింది. లేదన్నాను. నిజం చెప్పాలంటే, చివరి రెండు గీతలు మిగిలినప్పుడు నా వేలు కాస్త బరువెక్కింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్‌కి ముందు శనివారం నా గొంతు సున్నాకి వచ్చింది. తెర మీద కుళాయి మెరిసింది, చప్పుడు లేదు. పాప స్పీకరుకి చెవి ఆనించి ఎదురుచూసింది. తట్టి చూసింది. వాళ్ళమ్మ స్కాలర్ వైపు చూసింది. స్కాలర్ సైగ చేసింది.

"చెయ్ కడుక్కో బిడ్డా" అంది వాళ్ళమ్మ.

పాప వాళ్ళమ్మని చూసింది. తెర మీది చేతుల్ని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది. తర్వాత బల్ల దగ్గర్నుంచి లేచి నిజం బాత్రూమ్‌లోకి వెళ్ళి, నిజం కుళాయి తిప్పి, చేతులు తడుపుకుని వచ్చింది. వచ్చి వాళ్ళమ్మ చేతులు రెండూ పట్టుకుని లాగింది.

"చెయ్ కడుక్కో బిడ్డా" అంది.

వాళ్ళమ్మ తీరే. అదే దీర్ఘం, 'బిడ్డా' దగ్గర అదే తూగు. తనకి చెప్పిన మాటని తల్లికి అలాగే తిప్పి చెప్పింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది మామూలేనని, విన్న మాటని విన్నట్టే అప్పజెబుతారని స్కాలర్ తర్వాత నాకు వివరించింది. అప్పుడు మాత్రం ఆమె నోట్‌బుక్ మూసేసింది. వాళ్ళమ్మ, "కడుక్కుంట అమ్మా, కడుక్కుంట" అంటూ పాప వెనక బాత్రూమ్‌లోకి వెళ్ళింది. లోపల కుళాయి నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. స్కాలర్ పీహెచ్‌డీ అయిపోయింది, మల్కాజ్‌గిరి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆట ఇప్పుడు ఆ సెంటర్లో ఒక చిన్న ట్యాబ్‌లో ఉంది. కొత్త పిల్లలు వస్తే ముందు వాళ్ళ ఇంట్లో ఎవరు ఎలా మాట్లాడతారో రాసుకుంటారు. ఎవరి అమ్మ మాటలు వాళ్ళకే. మొన్న ఒక బాబుకి వాళ్ళ నాన్నమ్మ పక్కన కూర్చుని ఉర్దూ కలిపి చెబుతుంటే విన్నాను. పాపకి మాటలు గలగలా వచ్చేశాయని చెప్పలేను. ముప్ఫై, నలభై ఉంటాయి. కొన్ని నావి, ఎక్కువ వాళ్ళమ్మవి. బడికి వెళుతోంది, పక్కన ఒక టీచరమ్మ కూర్చుంటుంది. కొన్ని రోజులు బాగుంటాయి. కొన్ని రోజులు రోడ్డు మీద హారన్ మోగితే చాలు నేల మీద కూర్చుండిపోతుంది. అప్పుడు వాళ్ళమ్మా పక్కనే కూర్చుంటుంది, చూసేవాళ్ళు చూస్తారు.

ఆమె ఇప్పుడు నన్ను మేడం అనదు, అక్కా అంటుంది. పోయినవారం బ్లౌజు కుట్టించుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. కొత్త భాగం ఒకటి వచ్చిందని, బజారులో కూరగాయలు కొనే ఆట అని, సెంటర్ వాళ్ళు ఇంటికిచ్చిన ట్యాబ్ తెరిచి పాపని పిలిచింది. పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు దాటాయి. వచ్చి తెర చూసింది.

"ఒద్దు" అంది.

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"ఏంది బిడ్డా? ఆడవా?"

"ఒద్దు. నాకొద్దు." ట్యాబ్‌ని అవతలికి నెట్టింది.

వాళ్ళమ్మ ముఖం వెలిగిపోయింది. "అక్కా! విన్నవా? ఒద్దన్నది! నా బిడ్డ ఒద్దన్నది! గిది ఎవరు నేర్పిన్రు?"

ఎవరూ నేర్పలేదు. ఎండాకాలమంతా బొంతలు కట్టిన గదిలో మేం రికార్డు చేసిన మాటలన్నీ నాకు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. పెట్టు, తిప్పు, కడుక్కో, తుడుచుకో, వెయ్యి. అన్నీ చెప్పి చేయించే మాటలే. పిల్ల తిరిగి అనడానికి ఒక్క మాట కూడా మేం రాయలేదు, ఆ ఆలోచనే రాలేదు. అక్కడి నుంచే స్కాలర్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"ఆటల ఒక 'ఒద్దు' బటన్ పెట్టాలె మేడం" అంది. "నొక్కితే ఆట ఆగిపోవాలె. మల్ల అడగొద్దు."

వాళ్ళమ్మ ట్యాబ్ తీసి బీరువా మీద పెట్టేసింది. నా చేతి కొలత తీసుకోవడానికి టేపు విప్పితే, పాప వచ్చి దాని రెండో కొస పట్టుకుని, వదలమంటే వదలకుండా నిలబడింది. ఆ కొలత కాస్త వదులుగానే వచ్చింది. బ్లౌజు అలాగే కుట్టించుకున్నాను.